తెర మీది మేధావులు, మేడ మీది ప్రేక్షకులు

ఒడిశాలోని బరంపురంలో ప్రవేశ పరీక్షలకు శిక్షణనిచ్చే ఒక ట్యూషన్ సెంటరు వారు తమ మేడ మీది పెద్ద గదిని ఆదివారం సాయంత్రాలు సినిమా ప్రదర్శనలకు వాడుతున్నారు. మొన్నటి చలికాలంలో అక్కడ కళాశాల జీవితం మీద, ముఖ్యంగా అసాధారణమైన తెలివితేటలున్న విద్యార్థుల మీద వచ్చిన ఐదు సినిమాలను వరుసగా చూపించారు. ఐదింటికీ కలిపి విద్యార్థులకు 200 రూపాయలు, తక్కినవారికి 300 రూపాయలు చందా పెట్టారు. సినిమా, మధ్యలో టీ, చివర గంటసేపు చర్చ ఆ చందాలోనే వస్తాయి. నేను సమీక్షిస్తున్నది ఈ మొత్తం ఏర్పాటును. అయితే ఎంపిక చేసినవారి అభిరుచిని తూచాలంటే సినిమాల లోపలికి వెళ్ళక తప్పదు. గంజాం జిల్లాలో ప్లస్‌త్రీ (డిగ్రీ) విద్యార్థులకు చాలాకాలం గణితం చెప్పినవాణ్ణి కనుక నా చూపు అటువైపే ఎక్కువగా పోతుందని పాఠకులు ముందే గ్రహించాలి.

సదుపాయాల సంగతి త్వరగా చెప్పేస్తాను. తెర పెద్దది, ప్రొజెక్టరు కొత్తది, బొమ్మ స్పష్టంగా ఉంది. స్పీకర్లు మాత్రం గదికి మించినవి కావడంతో పాటలు వచ్చినప్పుడు కిటికీ అద్దాలు అదురుతాయి, మెల్లగా మాట్లాడుకునే సన్నివేశాల్లో మాటలు గోడలకు తగిలి ముద్దగా వినిపిస్తాయి. కుర్చీలు తరగతి గదివే, రాసుకునే పలక బిగించినవి. రెండున్నర గంటల సినిమాకు అవి నడుముకు శిక్షే గాని, చర్చ సమయంలో ఆ పలకే ఉపయోగపడిందని ఒప్పుకోవాలి. టీ బాగుంది. దానితో ఇచ్చే పకోడీలు మొదటి వారం వేడిగానూ, ఆ తర్వాత ఎప్పుడూ చల్లగానూ వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది వేళ. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి రైల్లో వచ్చే తెలుగు పిల్లలు ఈ ప్రదర్శనలకు గణనీయంగా వస్తున్నారు. చర్చ మంచి పట్టు మీద ఉన్న సమయానికి వారు చెప్పులు వెతుక్కుంటూ మెట్లు దిగవలసి వస్తోంది. సాయంత్రం ప్రదర్శనను ఒక గంట ముందుకు జరిపితే ఎవరికీ నష్టం లేదు.

వరుసలో మొదటిది 1997లో వచ్చిన ‘గుడ్ విల్ హంటింగ్’. బోస్టన్ నగరం పక్కనే కేంబ్రిడ్జిలో ఉన్న ప్రసిద్ధ విశ్వవిద్యాలయం ఎంఐటీలో నేల తుడిచే కుర్రవాడు, నడవలోని నల్లబల్ల మీద ప్రొఫెసరు రాసిపెట్టిన లెక్కను ఎవరూ చూడకుండా చేసి వెళ్ళిపోతాడు. ఆ వార్త క్యాంపస్ అంతా గుప్పుమంటుంది. కథ రాసి ప్రధాన పాత్రల్లో నటించిన మ్యాట్ డేమన్, బెన్ ఆఫ్లెక్‌లకు స్క్రీన్‌ప్లేకూ, మానసిక వైద్యుడిగా నటించిన రాబిన్ విలియమ్స్‌కు సహాయ నటుడిగానూ ఆస్కార్లు వచ్చాయి. పుస్తకాల్లో చదివినదంతా అనుభవం కాదని ఆ వైద్యుడు పార్కు బెంచీ మీద కూర్చుని కుర్రవాడికి నెమ్మదిగా తెలియజెప్పే సన్నివేశం ఇప్పటికీ గొప్పదే. దాని మీద నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా నల్లబల్లతోనే. రెండవ లెక్కను తెర మీద నిలిపి, చర్చ నడిపే యువకుడు దాని అర్థం వివరించాడు. కొన్ని చుక్కలు, వాటినన్నిటినీ ఒకే బొమ్మగా కలిపే గీతలు ఉంటాయి. బయలుదేరిన చోటికి గుండ్రంగా తిరిగివచ్చే దారి ఎక్కడా ఉండకూడదు. ఏ చుక్క దగ్గరా సరిగ్గా రెండే గీతలు కలవకూడదు. ఈ నియమాలకు లోబడి పది చుక్కలతో ఎన్ని రకాల బొమ్మలు వేయవచ్చో అన్నీ వేయాలి. దీన్ని సాధించడానికి తమకు రెండేళ్ళకు పైగా పట్టిందని సినిమాలో ప్రొఫెసరు సగర్వంగా చెబుతాడు. కుర్రవాడు పట్టుబడేసరికి బల్ల మీద ఎనిమిది బొమ్మలు కనిపిస్తాయి. యువకుడు ఇంతవరకు చెప్పి, సుద్దముక్కలు పంచి, గదిలోని బల్లను ప్రేక్షకులకు అప్పగించాడు.

తర్వాత జరిగినది ఈ వరుస మొత్తానికి తలమానికమైన ఘట్టం. రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి ముందుకు వచ్చి, లోపలి చుక్కలు, అంటే ఒకటి కంటే ఎక్కువ గీతలు కలిసేవి, ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి విడదీద్దామని ప్రతిపాదించింది. లోపలి చుక్క ఒక్కటే అయితే దాని చుట్టూ తొమ్మిది కొసలు (ఒకే గీత తగిలే చుక్కలు), అంటే ఒకే బొమ్మ. లోపలి చుక్కలు రెండైతే ఎనిమిది కొసలను ఆ రెంటికీ పంచాలి, ఒక్కొక్క దానికి కనీసం రెండైనా దక్కాలి. కనుక రెండు–ఆరు, మూడు–ఐదు, నాలుగు–నాలుగు, అంటే మూడు బొమ్మలు. మూడైతే ఏడు కొసలు మిగులుతాయి. చివరి చుక్కలకు కనీసం రెండేసి, నడిమి దానికి కనీసం ఒకటి ఇవ్వాలి కాబట్టి నాలుగు బొమ్మలు వచ్చాయి. లోపలి చుక్కలు నాలుగైతే వాటిని వరుసగా పేర్చి ఒకటి, ఒకదాని చుట్టూ మూడింటిని పేర్చి మరొకటి వేశారు. ఐదు పెడితే చుక్కలు చాలవు. మొత్తం పది. టీ గ్లాసులు చల్లారకముందే లెక్క తెమిలింది. వెనుక వరుసలో ఒక కుర్రవాడు మా ఊరి తెలుగులో “ఇదేటి సార్, దీనికా రెండేళ్ళు పట్టింది?” అన్నాడు. గది అంతా నవ్వింది.

ఆ నవ్వులో సినిమా మీద చిన్నచూపు లేదు. నిర్మాతలు ఒక అందమైన బొమ్మ కోసం వెతికి ఆ లెక్కను ఎంచుకుని ఉంటారు, చుక్కలూ గీతలూ తెర మీద చూడముచ్చటగా ఉంటాయి. కాని మేధస్సును చూపించవలసి వచ్చినప్పుడు సినిమా ఎప్పుడూ చేసే పని ఇక్కడ తేటగా బయటపడింది. జవాబును చూపిస్తుంది, దారిని దాచేస్తుంది. లోపలి చుక్కలను బట్టి విడదీద్దామన్న ఆ అమ్మాయి మాటే గణితం. అది తెర మీద ఎక్కడా లేదు. పెళ్ళి వీడియోలో పంక్తి భోజనాలు చూపించి వంటశాల చూపించనట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

నల్లబల్ల కథకు మూలంగా చెప్పుకునే నిజ సంఘటనను కూడా ఆ యువకుడు సరిగ్గానే ప్రస్తావించాడు. 1939లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జార్జ్ డాంట్‌జిగ్ అనే పరిశోధక విద్యార్థి తరగతికి ఆలస్యంగా వచ్చి, ప్రొఫెసర్ నేమన్ బల్ల మీద రాసిన రెండు సమస్యలను ఇంటిపని అనుకుని రాసుకుపోయాడు. మామూలు కంటే కొంచెం కష్టంగా ఉన్నాయే అనుకుంటూనే చేసి, ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పి మరీ అప్పగించాడు. అవి అంతవరకు ఎవరూ సాధించని గణాంకశాస్త్ర సమస్యలు. ప్లస్‌త్రీలో సింప్లెక్స్ పద్ధతి (కొన్ని పరిమితులకు లోబడి ఉత్తమమైన జవాబును కనుక్కునే పద్ధతి) లెక్కలు చేసినవారికి ఈయన ఋణం ఉంది. 1947లో ఆ పద్ధతిని రూపొందించింది ఈయనే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. డాంట్‌జిగ్ తుడుపుకర్ర పట్టుకుని నడవలో తిరిగినవాడు కాదు. ఆ శాస్త్రంలోనే డాక్టరేటుకు చదువుతూ, ఆ తరగతిలోనే పేరు నమోదైనవాడు. సినిమాకు ఆ హాజరుపట్టీ నచ్చలేదు.

ఈ మాటను కొంచెం పొడిగించాలి, ఎందుకంటే వరుసలోని ఐదింటిలో మూడు సినిమాల మేధావులు ముందు గుమ్మం గుండా కళాశాలలోకి వచ్చినవారు కారు. ఒకడు నేల తుడిచేవాడు. ఇంకొకరు మద్రాసు పోర్ట్ ట్రస్టు గుమాస్తా రామానుజన్. మరొకడు ‘3 ఇడియట్స్’లో వేరొకరి పేరుతో చదువుకున్న తోటమాలి కొడుకు. సక్రమంగా దరఖాస్తు నింపి, కులధ్రువీకరణ పత్రం జత చేసి, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని బ్యాంకు ఖాతా చూసుకుంటూ చదివే తెలివైన పిల్లవాడిలో కథ లేదని దర్శకులు అనుకుంటున్నట్టుంది. మా గదిలో కూర్చున్నవారంతా అటువంటివారే.

రెండవ వారం ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ వేశారు. 2001 నాటి ఈ సినిమాకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ప్రిన్స్‌టన్‌లో చదివి, 1994లో అర్థశాస్త్రంలో మరి ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్న జాన్ నాష్ జీవితం దీనికి ఆధారం. ఒక బార్‌లో మిత్రులందరూ ఒకే అందగత్తె వెంట పడితే అందరూ నష్టపోతారు కనుక ఆమెను వదిలేసి తక్కినవారితో మాట కలుపుదామని నాష్ సూచించడం, అక్కడే అతనికి తన సిద్ధాంతం స్ఫురించడం సినిమాలో పేరుపొందిన సన్నివేశం. చిక్కేమిటంటే అతను అక్కడ సూచించిన పరిష్కారం నాష్ సమతుల్యత కానే కాదు. సమతుల్యత అంటే తక్కినవారు తమ ఎత్తును మార్చనంతవరకు ఎవరూ ఒంటరిగా మారి లాభపడలేని స్థితి. అందరూ ఆమెను వదిలేసిన క్షణంలో ఒక్కడు మాట తప్పి ఆమె వైపు నడిస్తే లాభపడేది వాడే. ఆ గదిలో అర్థశాస్త్రం చదివేవారు కొందరున్నా ఈ లోపం చర్చకు రాలేదు. చర్చ నడిపే యువకుడు జబ్బు వైపు, భార్య త్యాగం వైపు మళ్ళిపోయాడు.

ఆ మళ్ళింపు కూడా వృథా కాలేదు. నాష్‌ను నిజంగా వేధించినవి వినిపించే గొంతులు కాగా, సినిమాలో అవి కళ్ళకు కనిపించే మనుషులయ్యాయి. హాస్టల్ గదిలో ఉండే స్నేహితుడు లేనే లేడని తేలే మలుపు కోసం అలా చేశారు. తెరకు చెవి కంటే కన్ను ముఖ్యం కనుక దీన్ని మన్నించవచ్చు. మన్నించలేనిది మరొకటి ఉంది. గొప్ప తెలివికీ మతి చలించడానికీ ఏదో చుట్టరికం ఉందన్న నమ్మకం ఇటువంటి సినిమాల వల్ల ఇంటింటా పాతుకుపోతోంది. రాత్రిళ్ళు నిద్రపోకుండా గోడలతో మాట్లాడే పిల్లవాణ్ణి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళవలసిన తల్లిదండ్రులు, ఎక్కువ చదివినందువల్ల అలా ఉన్నాడులే అని సరిపెట్టుకోవడం నేను స్వయంగా చూశాను. ఆ రోజు చర్చకు మనోవైద్యంలో పనిచేసేవారు ఒకరిని పిలిచి ఉంటే ఎంతో బాగుండేది. ఊళ్ళో వైద్య కళాశాల ఉండగా అది అంత కష్టమైన పనీ కాదు.

మూడవది 2015 నాటి ‘ద మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ’. రామానుజన్‌గా దేవ్ పటేల్, కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీగా జెరెమీ ఐరన్స్ నటించారు. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాల ప్రాంగణంలోనే చిత్రీకరించడం వల్ల పచ్చికబయలు, రాతి మెట్లు, భోజనశాల అన్నీ నిజమైనవే కనిపిస్తాయి. ఈ వరుసలో గణితానికి కాస్తయినా న్యాయం చేసిన సినిమా ఇదే అని నా నిర్ణయం. కారణం ఒక్కటే. హార్డీ ప్రతి మలుపులోనూ నిరూపణ ఏదీ అని నిలదీస్తాడు, రామానుజన్ విసుగుపడతాడు, ఆ పెనుగులాటే కథను నడిపిస్తుంది. తెలిసిపోవడానికీ, తెలిసినదాన్ని ఎదుటివాడు కాదనలేని విధంగా చెప్పడానికీ మధ్య ఎంత దూరం ఉందో విద్యార్థికి చూపించిన సినిమాలు చాలా తక్కువ.

అయినా మా పిల్లలకు అత్యవసరమైన భాగాన్ని సినిమా దాటేసింది. గణితంలో తప్ప మరి దేనిలోనూ మనసు నిలవక రామానుజన్ కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. తర్వాత మద్రాసులో చేరి, 1906లోనూ 1907లోనూ ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ వంటిది) పరీక్ష తప్పారు. కాగితం కొనే స్తోమత లేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలోకి ఎక్కించేవారు. నిరూపణలు ఆ పుస్తకాల్లో కనిపించకపోవడానికి ఆ పలక కూడా ఒక కారణమై ఉండాలని చదివినవారికి తోస్తుంది. 1913 జనవరిలో హార్డీకి ఉత్తరం రాసిన తర్వాతనే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల వేతనం ఇచ్చింది. సినిమా మద్రాసులో ఉద్యోగ వేటతో మొదలవుతుంది కనుక ఈ ఓటముల చరిత్ర దాదాపు వినబడదు. పెళ్ళినాటికి పదేళ్ళ పిల్ల అయిన జానకిని ఎదిగిన యువతిగా చూపించి ప్రేమకథ అల్లడం వేరే సంగతి. అది పాశ్చాత్య ప్రేక్షకుల కోసం చేసిన సర్దుబాటు అని సరిపెట్టుకున్నాను.

ఆ వారం చర్చలో మాత్రం యువకుడు మంచి తెలివి చూపించాడు. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పడం వల్లే రామానుజన్‌కు స్కాలర్‌షిప్ పోయిందని చెప్పి, ఈ గదిలో బ్యాక్ పేపర్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. మొదట ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది, దాని వెంట చాలా చేతులు లేచాయి. అందులో ఎక్కువ మందికి మిగిలిపోయింది ఇంగ్లీషేనని తేలింది. టాక్సీ నంబరు 1729 కథను అందరూ అడుగుతారని అనుకున్నాను గాని ఒక్కరే అడిగారు. ఒకటి ఘనం, పన్నెండు ఘనం కూడినా, తొమ్మిది ఘనం, పది ఘనం కూడినా అదే సంఖ్య వస్తుందని బల్ల మీద చేసి చూపించి ముగించారు.

నాలుగవ వారం హాలు క్రిక్కిరిసింది. 2009లో రాజ్‌కుమార్ హిరానీ తీసిన ‘3 ఇడియట్స్’ను మా పిల్లల్లో చూడనివారు లేరు, అయినా మెట్ల మీద కూడా కూర్చుని చూశారు. కథలోని ఇంజినీరింగు కళాశాలగా కనిపించేది బెంగళూరులోని ఐఐఎం. ఇంజినీర్ల కథకు మేనేజ్‌మెంట్ వారి కట్టడాలు కావలసి రావడం నాకెప్పుడూ సరదాగా అనిపిస్తుంది. ప్రాజెక్టుకు గడువు ఇవ్వని ప్రిన్సిపాలు, ఉరి వేసుకున్న విద్యార్థి, కిటికీ బయట ఎగురుతూ అతన్ని చూసిన డ్రోను: ఆ భాగంలో గదిలో ఒక్క దగ్గు కూడా వినబడలేదు. మన దేశంలో విద్యార్థుల ఆత్మహత్యల గురించి అంత పెద్ద ప్రేక్షక సమూహంతో మాట్లాడిన సినిమా అంతకు ముందు లేదని చెప్పవచ్చు.

అయితే అదే సినిమాలో చతుర్ అనే పాత్ర ఉంది. వాడు బట్టీ పడతాడు, నంబరు కోసం పాకులాడతాడు, ఉపాధ్యాయ దినోత్సవం నాడు తనకు రాని హిందీలో ప్రసంగం కంఠస్థం చేసి వేదిక ఎక్కుతాడు. కథానాయకుడు ఆ ప్రసంగంలో కొన్ని మాటలు మార్చి పెట్టగా, అర్థం తెలియక అప్పజెప్పి నవ్వులపాలవుతాడు. దేశమంతా పడి పడి నవ్విన సన్నివేశం అది. మా గది కూడా నవ్వింది. కాని ఆ గదిలో ఉన్నవారు ఎవరు? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు పుస్తకాలు, బజారులో హిందీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం ఇటు వచ్చిన నాటి నుంచి ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో చదువు ఇలాగే సాగుతోంది. పరాయి భాషలో ఉన్న పాఠం ముందు బుర్రకెక్కదు, ముందు నాలుకకెక్కుతుంది. అర్థం చేసుకునే రోజు వచ్చేదాకా పరీక్ష ఆగదు కనుక పిల్లవాడు కంఠస్థం చేస్తాడు. ఇక్కడ అది చదువు లేకపోవడం కాదు, చదువులోకి వెళ్ళే మొదటి మెట్టు. ఎంతోమంది మంచి విద్యార్థులు ఆ మెట్టు మీద నుంచే పైకి వెళ్ళడం నేను చూశాను.

కథానాయకుడు రాంఛో యంత్రానికి తన సొంత మాటల్లో నిర్వచనం చెప్పి తరగతి నుంచి గెంటివేయబడతాడు, చతుర్ పుస్తకంలోని నిర్వచనాన్ని ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పి మెప్పు పొందుతాడు. సన్నివేశం ఉపాధ్యాయుణ్ణి ఎగతాళి చేస్తోందని సులభంగానే అర్థమవుతుంది. అది న్యాయమైన ఎగతాళే. కాని సొంత మాటల్లో చెప్పడానికి ఆ మాటలు ముందు ఉండాలి. వాటిని బడి ఇవ్వనప్పుడు ఎవరు ఇస్తారని సినిమా అడగదు. ఈ ప్రాంతానికి పక్కనే ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే గిడుగు రామమూర్తి గారు, జనం మాట్లాడే భాషలోనే పిల్లలకు చదువు రావాలని జీవితమంతా పోరాడారు. ఆ ప్రశ్న ముందు రాంఛో ఉపన్యాసాలన్నీ పలచగా కనిపిస్తాయి. అన్నిటినీ మించి రాంఛో ఎప్పుడు చదువుతాడో మనకు తెలియదు. ఎన్నడూ పుస్తకం పట్టకుండా ఎప్పుడూ మొదటి స్థానంలో ఉంటాడు. పట్టుబట్టి చదివే చతుర్ విలన్ అయ్యాడు. కష్టపడి చదవడం ఏదో నీచమైన పని అన్న భావం మెల్లగా మిగులుతుంది. ఈ మాటలు చర్చలో నేనే అన్నాను. కొందరు ఒప్పుకోలేదు, కామెడీని అంత గట్టిగా పిండకూడదన్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక అమ్మాయి మెట్ల దగ్గర ఆగి, “నేను చతుర్‌నే సార్, నాకేం సిగ్గు లేదు” అని చెప్పి వెళ్ళింది.

చివరి వారం తెలుగు సినిమా, శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’. 2007లో వచ్చింది. ర్యాగింగ్ నుంచి వీడ్కోలు దాకా నాలుగేళ్ళ ఇంజినీరింగు చదువును, క్యాంటీన్ బల్లల దగ్గరి అలకలనూ స్నేహాలనూ అంత సహజంగా తెలుగులో మరెవరూ తీయలేదు. అంతకుముందు 1989లో వచ్చిన ‘శివ’ కాలేజీని సైకిల్ చెయిన్ల రణరంగం చేసి పెట్టగా, ఈ సినిమా దాన్ని మళ్ళీ పిల్లలు ఉండే చోటుగా మార్చింది. ప్రతిభావంతుడైన విద్యార్థి మాట మాత్రం ఇందులో లేదు, చదువు తలుపు అవతల ఎక్కడో వినిపిస్తుంది. కనుక ఈ వరుసకు ఇది నప్పదని కొందరన్నారు గాని, పాటలు మొదలయ్యేసరికి ఆ మాట ఎవరికీ గుర్తులేదు. చర్చ ఆ రోజు జరగలేదని చెప్పడమే సబబు. అందరూ తమ తమ హాస్టళ్ళ కబుర్లు చెప్పుకున్నారు. స్పీకర్ల బాధ కూడా ఆ రోజే ఎక్కువగా తెలిసింది.

ఎంపికలో ఒక పెద్ద వెలితి ఉంది. ‘హ్యాపీ డేస్’ను పక్కన పెడితే, తక్కిన నాలుగు సినిమాల్లోనూ అసాధారణ ప్రతిభ మగవాడిదే. ఆడవారు అతన్ని ప్రేమిస్తారు, భరిస్తారు, ఎదురుచూస్తారు. మా గదిలో సగానికి సగం అమ్మాయిలు ఉన్నారు, పది బొమ్మల లెక్కను విప్పింది కూడా ఒక అమ్మాయే. షికాగోలో గణిత ప్రొఫెసరు కూతురు రాసిన నిరూపణను ఆమెదేనని ఎవరూ నమ్మకపోవడం చుట్టూ తిరిగే ‘ప్రూఫ్’ 2005లోనే వచ్చింది. తెల్లవారికి మాత్రమే ప్రవేశం ఉన్న బడిలో ఇంజినీరింగు తరగతులకు హాజరు కావడానికి మేరీ జాక్సన్ కోర్టు అనుమతి తెచ్చుకున్న కథ ‘హిడెన్ ఫిగర్స్’లో ఉంది, అది 2016 నాటిది. రెండూ దొరకని సినిమాలేమీ కావు. గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకం 2014లో మరియమ్ మీర్జాఖానీకి దక్కేవరకు ఒక్క మహిళకూ రాలేదన్న సంగతి గుర్తున్నవారు ఇటువంటి వరుసకు సినిమాలు ఎంచేటప్పుడు కొంచెం ఎక్కువ వెతకాలి.

ఇక నాకు మిక్కిలి చికాకు కలిగించిన సంగతి. ప్రతి ప్రదర్శనకు ముందు అదే తెర మీద ఈ ట్యూషన్ సెంటరు వారి ప్రకటన వేస్తారు. ర్యాంకులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక్కొక్క ఫొటో మీద పూలదండ తిప్పినట్టు తిరిగే మెరుపులు, వెనుక నగారా మోత. ర్యాంకుల వేట ప్రాణాలు తీస్తుందని చెప్పే సినిమాకు ముందు కూడా అదే ప్రకటన వేశారు. చందా కట్టి వచ్చినవారికి ప్రకటన చూపించడం మొదటి తప్పు. ఆ రోజు దాన్ని ఆపాలని ఎవరికీ తోచకపోవడం రెండవది, పెద్దది. సెంటరు నడిపేవారితో ఈ మాట అంటే, గది అద్దె ఎవరు కడతారు మాస్టారూ అని నవ్వారు. లెక్క ప్రకారం అది సరైన జవాబే కావచ్చు. ఆ ప్రకటనను విరామంలో వేసుకున్నా అద్దె గిట్టుబాటవుతుంది.

సబ్‌టైటిళ్ళు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. వేగంగా సాగే సంభాషణలను చదివి అందుకోలేనివారి కోసం యువకుడు ప్రతి సినిమాకూ ముందు తెలుగులోనూ ఒడియాలోనూ పది నిమిషాలు కథా నేపథ్యం చెబుతాడు, మలుపులు బయటపెట్టకుండా చెప్పే నేర్పు అతనికి ఉంది. దాన్నే ఒక కాగితం మీద అచ్చు వేయించి, సినిమాలో వచ్చే శాస్త్ర విషయాన్ని నాలుగు వాక్యాల్లో జతచేసి పంచితే ఆ కాగితం పిల్లలతో పాటు ఇంటికి వెళుతుంది. జిరాక్సు ఖర్చు పెద్దది కాదు.

ప్లస్‌టూ దాటిన పిల్లలున్న ఇళ్ళవారు 200 రూపాయలకు వెనుకాడనవసరం లేదు. సుద్దముక్కలు పంచిన ఆ ఒక్క సాయంత్రానికే ఆ డబ్బు చెల్లిపోయింది. పెద్దవారు మాత్రం మెత్తటి దిండు ఒకటి వెంట తెచ్చుకోవాలి, స్పీకర్లకు దూరంగా కిటికీ వైపు మూడవ వరుసలో కూర్చోవాలి. వచ్చే వరుసలో ‘ప్రూఫ్’ వేయమనీ, వేళ ముందుకు జరపమనీ చీటీ రాసి ఇచ్చాను. సినిమా సంగతి ఆలోచిస్తామన్నారు. వేళ మాత్రం సాయంత్రం బ్యాచి తరగతులు ఖాళీ అయితే గాని కుదరదన్నారు.